ఊకతో గని నీళ్లు శుభ్రమవుతాయా? అవుతాయి, కానీ ఊక చేయగలిగిన పని మీరు అనుకున్నది కాదు

మీరు అడిగినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. మేఘాలయలోని తూర్పు జయంతియా కొండల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పనిచేస్తున్నారు. వదిలేసిన బొగ్గు గుంటల నుంచి ఊరి వాగులోకి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. వాగులో చేపలు లేవు, పీహెచ్ (నీటి ఆమ్లతను చెప్పే అంకె, అది తగ్గినకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3 దగ్గర ఉంది. వరి ఊక, వేరుశనగ తొక్కలు, చెరకు పిప్పి నీటిలోని లోహాలను 90 శాతానికి పైగా పీల్చేస్తాయని కొన్ని పరిశోధన పత్రాల్లో చదివారు. గోదావరి జిల్లాలోని మీ ఊరి మిల్లు నుంచి ఊక తెప్పించి, డ్రమ్ముల్లో నింపి, గని నీటిని వాటిగుండా పంపితే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

ఇరవై ఏళ్లకు పైగా గని నీటి శుద్ధి మీదే పనిచేశాను కాబట్టి సూటిగా చెబుతాను. ఆ డ్రమ్ములు పనిచేయవు. మొదటి రోజు నీళ్లు కాస్త తేటగా వస్తాయి. వారం పది రోజుల్లో డ్రమ్ములు మూసుకుపోతాయి. ఊరివాళ్లు మీ మీద పెట్టుకున్న నమ్మకం కూడా వాటితోనే పోతుంది, దాన్ని మళ్లీ సంపాదించడం నీటిని శుభ్రం చేయడం కన్నా కష్టం. అయితే వ్యవసాయ వ్యర్థాలతోనే ఆ వాగును బాగుచేసే దారి ఉంది. గడ్డినీ పేడనూ లోహాన్ని పీల్చే స్పాంజిలా కాకుండా, బ్యాక్టీరియాకు వేసే మేతలా చూడాలి.

ముందు ఆ ఎరుపు సంగతి. సింగరేణి ప్రాంతంలో తిరిగినవారికి ఇలాంటి నీళ్లు అంతగా పరిచయం ఉండవు. గోదావరి లోయ బొగ్గులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల బొగ్గు వయసులో చాలా చిన్నది, సముద్రపు నీటి ప్రభావం ఉన్న చోట్ల ఏర్పడింది. అందులో గంధకం 2 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. దానిలో కొంత భాగం ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం. భూమి లోపల గాలి తగలనంత కాలం అది నిద్రపోతుంది. గని తవ్వి గాలి, నీరు తగలనిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, ఇనుము కరుగుతుంది. ఆ ఆమ్లంలోనే హాయిగా బతికే బ్యాక్టీరియా ఒకటి ఉంది. 1947లో అమెరికా బొగ్గు గనుల నీటిలో దాన్ని గుర్తించారు. మామూలుగా ఏళ్లు పట్టే చర్యను అది ఎన్నో రెట్లు వేగంగా నడిపిస్తుంది. పైగా కరిగిన ఇనుము తిరిగి కొత్త పైరైట్‌ను కొరుకుతుంది. అందుకే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో మేఘాలయలో ఎలుక బొరియల తవ్వకాలను (మనిషి పాకే సన్నని సొరంగాల్లో బొగ్గు తీయడాన్ని) నిషేధించినా, అప్పటికే తవ్వి వదిలేసిన గుంటలు ఇప్పటికీ కారుతూనే ఉన్నాయి. ఆ నీటి పదును ఎంతటిదంటే, అస్సాం, మేఘాలయ సరిహద్దులోని కోపిలి జలవిద్యుత్ కేంద్రంలో ఇనుప భాగాలను అది తినేసింది. కర్మాగారపు ఉక్కే నిలవలేని నీటిలో చేపపిల్ల ఎలా బతుకుతుంది?

ఇప్పుడు డ్రమ్ముల లెక్క. ఒక గుంట నుంచి సెకనుకు 1 లీటరు కారుతోందనుకోండి. కొండవాలున చూస్తే చిన్న ధారే. అందులో లీటరుకు 100 మిల్లీగ్రాముల ఇనుము ఉందనుకుందాం, ఇలాంటి నీటికి అది అసాధారణమైన అంకె కాదు. రోజుకు 86,400 లీటర్లు, అంటే 8.64 కిలోల ఇనుము. ఏ రసాయనమూ పట్టించకుండా మామూలు ఊకనే వాడితే గ్రాముకు 10 మిల్లీగ్రాముల లోహం పట్టడం కూడా చాలా ఉదారంగా వేసుకున్న అంచనా. ఆ లెక్కన రోజుకు 864 కిలోల ఊక కావాలి. ఏడాదికి 315 టన్నులు. ఇదంతా ఒక్క చిన్న ధారకు. గోదావరి నుంచి జయంతియా కొండలకు ఆ ఊకను ఎవరు మోస్తారన్నది ఒక ప్రశ్న. లోహం పట్టిన 315 టన్నుల ఊకను ఆ తర్వాత ఎక్కడ పెడతారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

పరిశోధన పత్రాలు అబద్ధం చెప్పడం లేదు. అవి అడిగిన ప్రశ్న వేరు. ప్రయోగశాలలో స్వేదనజలంలో ఒకే ఒక లోహపు లవణం కలుపుతారు. పీహెచ్‌ను 5 లేదా 6 దగ్గర పెడతారు. ఫ్లాస్కులో కావలసినంత ఊక పొడి వేసి గంటసేపు కుదుపుతారు. నీరు కొంచెం, ఊక ఎక్కువ అయితే 90 శాతం లోహం పోవడంలో వింత లేదు. తొక్కల్లోనూ పొట్టులోనూ ఉండే కార్బాక్సిల్ సమూహాలే లోహాన్ని పట్టుకునే చేతులు. పీహెచ్ 5 దాటితే ఆ చేతులు ఖాళీ అవుతాయి, సీసమో కాడ్మియమో వస్తే పట్టుకుంటాయి. మీ వాగులో పీహెచ్ 3. అక్కడ హైడ్రోజన్ అయాన్లే ఆ చేతులను ముందుగా ఆక్రమించేస్తాయి. పత్రం చదివేటప్పుడు శాతాన్ని వదిలేసి మూడు అంకెలు వెతకండి: గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టింది, ఏ పీహెచ్ దగ్గర, నిజమైన గని నీటితో చేశారా లేదా. మూడోది చాలా పత్రాల్లో కనిపించదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా సుకింద లోయలోని క్రోమైట్ గనుల నీటి సమస్య ఆరు వేలెన్సీ క్రోమియం. అది నీటిలో రుణావేశంతో తిరుగుతుంది కాబట్టి దాని ప్రవర్తన తలకిందులు. ఆమ్ల నీటిలోనే అది ఊకకూ పొట్టుకూ బాగా అంటుతుంది, అక్కడే తక్కువ విషపూరితమైన రూపంలోకి మారుతుంది కూడా. క్రోమియం మీద వచ్చిన మంచి ఫలితాలను చూసి ఇనుము, అల్యూమినియం, జింకు ఉన్న మీ నీటికి అంటగట్టకండి. ఈ పొరపాటు పెద్ద చదువులు చదివినవారు చేయడం కూడా చూశాను.

నా తొలి ప్రయోగం కూడా స్పాంజి పద్ధతిదే. గాజు గొట్టంలో శుభ్రంగా కడిగిన ఊక నింపి, నేను కలుపుకొన్న నీటితో నెల రోజులు నడిపితే గీతలన్నీ అందంగా వచ్చాయి. తర్వాత ఒక గని నుంచి డబ్బాల్లో నిజమైన నీళ్లు తెచ్చి అదే గొట్టంలో పోశాను. తొమ్మిదో రోజుకు చుక్క కిందికి దిగలేదు. పైనుంచి రెండు అంగుళాల మేర ఊక మీద తుప్పు రంగు మడ్డి గట్టిగా పేరుకుపోయింది, కింద ఉన్న ఊక దాదాపు కొత్తదిలాగే ఉంది. లోహాన్ని పట్టుకునే శక్తి అయిపోకముందే నీటికి దారి అయిపోయింది. గని నీటిలో మొదటి శత్రువు ఆ మడ్డే అని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక మేత సంగతి. 1960లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక గని ఆమ్ల నీరు పోగుపడిన రంపపు పొట్టు కట్ట గుండా ఊరుతూ అవతలికి వచ్చేది. కట్టకు ఇవతల ఆమ్లం. అవతలికి వచ్చేసరికి పీహెచ్ పెరిగింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది, అడుగున నల్లని మడ్డి ఉంది. దీన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 1969లో ప్రచురించిన పత్రంలో అసలు పని చేస్తున్నది పొట్టు కాదని, పొట్టును ఆధారం చేసుకుని బతుకుతున్న సల్ఫేట్ క్షయకరణ బ్యాక్టీరియా అని చూపించారు. ఇవి గాలి లేని చోట బతుకుతాయి. మనం ఆక్సిజన్ పీల్చినట్టు ఇవి నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుంటాయి. తినడానికి సేంద్రియ పదార్థం కావాలి. తిన్నాక రెండు వస్తువులను వదులుతాయి. ఒకటి బైకార్బనేట్, అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్, అది ఇనుము, జింకు, రాగి, కాడ్మియం, సీసం వంటి లోహాలతో కలిసి కరగని సల్ఫైడ్‌గా అడుగుకు దిగుతుంది. గనిలో పైరైట్ విడిపోవడంతో మొదలైన కథను ఈ బ్యాక్టీరియా వెనక్కి నడుపుతుందన్నమాట. ఆమ్లం, సల్ఫేట్, లోహం మూడూ ఒకే చోట తగ్గుతాయి. ఏ స్పాంజీ ఈ పని చేయలేదు.

పాత లెక్కనే మళ్లీ వేయండి. రోజుకు వచ్చే 8.64 కిలోల ఇనుమును సల్ఫైడ్‌గా మార్చడానికి బ్యాక్టీరియాకు కావలసిన సేంద్రియ పదార్థం, కాగితం మీద, రోజుకు దాదాపు 9.3 కిలోలు. స్పాంజి లెక్కలో 864 కిలోలు. నిజంలో మేత కొంత మీథేన్‌గా పోతుంది, కొంత నీటితో కొట్టుకుపోతుంది, కొంత అరగకుండా మిగిలిపోతుంది. అయిదు రెట్లు వృథా అయినా రోజుకు 47 కిలోలకు మించదు. మేత దారి పట్టమని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఈ అంకెలే.

అయితే ఏది మేత? గోబర్ గ్యాస్ ప్లాంటు నడిపినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఈ బ్యాక్టీరియా గడ్డిని నేరుగా తినలేదు. ముందు ఇంకొన్ని సూక్ష్మజీవులు గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరలుగా, వాటిని చిన్న చిన్న ఆమ్లాలుగా విరగ్గొట్టి ఇవ్వాలి. పశువు కడుపులో జరిగేది కూడా ఇలాంటి పనే, కాబట్టి పేడ వేస్తే ఆ సూక్ష్మజీవులు కూడా దానితోపాటే వస్తాయి. గని నీటిని పంపడానికి గుంటలో పరిచే ఈ మిశ్రమాన్నే పడక అంటాం. అందులో మూడు రకాల పదార్థాలు ఉండాలి. వెంటనే అరిగేవి: పేడ, పచ్చి గడ్డి. నెమ్మదిగా అరిగేవి: వరిగడ్డి, రంపపు పొట్టు, చెక్క ముక్కలు. అసలు అరగకుండా నీటికి దారి కాపాడేవి. పేడ ఒక్కటే వేస్తే మొదటి నెలలు అద్భుతంగా నడిచి ఆగిపోతుంది. చెక్క పొట్టు ఒక్కటే వేస్తే మొదలు కావడానికే చాలా కాలం పడుతుంది.

మీ ఊక ఈ మూడో రకంలోకి వస్తుంది. దాని బరువులో 15 నుంచి 20 శాతం బూడిద, ఆ బూడిదలో అధిక భాగం సిలికా. మిగిలినదానిలో లిగ్నిన్ ఎక్కువ. సూక్ష్మజీవులకు అది చాలా పేద భోజనం. కానీ అంత సులువుగా కుళ్లదు, నలగదు, గింజకూ గింజకూ మధ్య ఖాళీని నిలబెడుతుంది. స్పెయిన్ నైరుతి భాగంలోని వెల్వా ప్రాంతంలో, రియో టింటో నది పారే పైరైట్ పట్టీలో, పరిశోధకులు సున్నపురాయి ఇసుకను చెక్క తురుముతో కలిపి పడకలు వేశారు. చెక్క పాళ్లు నాలుగైతే సున్నపురాయి ఒకటి, కొలత ఘనపరిమాణంలో. అక్కడ చెక్క తురుము స్పాంజీ కాదు, మేత కూడా కాదు. సున్నపురాయి రేణువులను దూరదూరంగా ఉంచి, మడ్డి చేరడానికి చోటు ఇవ్వడమే దాని పని. ఇనుము, అల్యూమినియం మడ్డితో మామూలు సున్నపురాయి పడకలు మూసుకుపోయే చోట ఈ పడకలు నిలబడ్డాయి. ఊక కూడా ఇలాంటి పనికి బాగా ఒదుగుతుంది.

అయినా మీ ఊరి ఊక అంత దూరం మోయవద్దు. ఈ పద్ధతికి బలం అక్కడికక్కడ దొరికే వ్యర్థమే. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరపు గని 1991లో మూతపడింది. 1992 జనవరిలో దాని ఆమ్ల నీరు ఒక్కసారిగా కార్నన్ నదిలోకి పొంగి సముద్రపు కయ్య దాకా ఎర్రబారింది. ఆ తర్వాత అక్కడ కట్టిన ప్రయోగాత్మక గుంటల్లో మేతగా వేసింది మెత్తని చెక్క రంపపు పొట్టు, కొద్దిగా ఎండుగడ్డి, కొద్దిగా పశువుల పేడ. పుట్టగొడుగుల పెంపకానికి పేరుపడ్డ పెన్సిల్వేనియాలో పంట తీసేశాక మిగిలిన ఎరువునే దశాబ్దాలుగా గని నీటి గుంటల్లో పరుస్తున్నారు. అందులో ఉండేది గడ్డి, గుర్రపు లద్దె, కోళ్ల ఎరువు. మిస్సోరీలోని ఒక సీసపు గని దగ్గర పేడ ఎరువు, రంపపు పొట్టు, సున్నపురాయి, అల్ఫాల్ఫా గడ్డి కలిపి వేశారు. ఎవరి పెరట్లో ఉన్నది వారు వాడారు. మీ చుట్టూ చూడండి. కోతలయ్యాక వరిగడ్డి ఉంది. దక్షిణపు వాలుల్లో వక్క తోటలున్నాయి, వక్క తొక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. చీపుర్లు కట్టగా మిగిలిన కాడలు ఉన్నాయి, ఆ గడ్డి పంటలో మేఘాలయకు పెద్ద పేరే ఉంది. పైన్ కలప కోసే చోట రంపపు పొట్టు దొరుకుతుంది. పశువుల పేడ, పందుల ఎరువు ఇంటింటా ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద అదృష్టం సున్నపురాయి. లుమ్‌ష్నాంగ్ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వచ్చిందే ఆ రాయి కోసం. దూరం నుంచి తెప్పిస్తే ఖర్చులో అధిక భాగం రాయి మోతకే పోతుంది, మీకు ఆ బాధ లేదు.

ఈ పడక వేసే గుంట ఎంత పెద్దది కావాలి? ఇలాంటి మిశ్రమపు పడకలో ఘనపు మీటరుకు రోజుకు 0.3 మోల్ (పదార్థం ఎంత ఉందో చెప్పే రసాయన కొలత) సల్ఫేట్ తగ్గుతుందని వేసుకోవడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న వాడుక. ఇనుములోకి మారిస్తే అది దాదాపు 17 గ్రాములు. 8.64 కిలోలకు 500 ఘనపు మీటర్లకు కాస్త పైన. ఒక మీటరు మందాన పరిస్తే 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న చెరువంత. కొండవాలులో అంత చదును దొరకడం కష్టమే, అందుకే రెండు మూడు చిన్న గుంటలుగా మెట్లమెట్లుగా వేస్తారు. ఇది 20 డిగ్రీల పైన వెచ్చదనం ఉన్నప్పటి లెక్క. జోవాయి ఎత్తులో చలికాలపు రాత్రుల్లో నీరు బాగా చల్లబడుతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది. నేనైతే సగం ఎక్కువ వేసుకుంటాను.

ఎర్ర నీటిని తిన్నగా ఈ పడకలోకి పంపకండి. నా గాజు గొట్టానికి పట్టిన గతే దానికీ పడుతుంది. ముందు ఒక ఖాళీ గుంటలో, వీలైతే రాళ్ల మెట్ల మీదుగా జారవిడిచి, దిగగలిగినంత ఇనుప మడ్డిని అక్కడే దిగనివ్వండి. తర్వాతే పడక. నీరు పైన నిలిచి, గడ్డి పేడల మిశ్రమం గుండా నిలువుగా కిందికి దిగి, అడుగున కంకరలో పరిచిన రంధ్రాల గొట్టాల ద్వారా బయటికి రావాలి. మిశ్రమంలోనే వేలి గోరంత సున్నపురాయి ముక్కలు కలపండి. బ్యాక్టీరియాకు పీహెచ్ 5 పైన ఉంటేనే ఊపిరాడుతుంది, మొదట్లో ఆ రక్షణ ఇచ్చేది రాయే. పడక పై పొరలు నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి కాబట్టి లోపలి రాయికి తుప్పు పొర అంత త్వరగా పట్టదు. అల్యూమినియం మాత్రం గాలి ఉన్నా లేకున్నా పీహెచ్ 4.5 దాటగానే తెల్లటి జిగురులా దిగి రంధ్రాలు మూస్తుంది. లీటరుకు పదుల మిల్లీగ్రాముల అల్యూమినియం ఉంటే గొట్టాలను అప్పుడప్పుడు ఒక్కసారిగా తెరిచి కడిగేలా కవాటాలు పెట్టండి.

పొడి గడ్డిని గుంటలో వేసి నీళ్లు వదిలితే మొత్తం తేలిపోతుంది. నవ్వుకునే సంగతి కాదు, నేను పనిచేసిన ఒక చోట రాత్రికి రాత్రే పడక పైకి లేచి, అడుగు గొట్టాల దగ్గర నుంచి విడిపోయి, నీళ్లు పక్కల నుంచి తిన్నగా పారిపోయాయి. రెండు నెలల శ్రమ పోయింది. గడ్డిని ముందే నానబెట్టి, పేడతో కలిపి, తొక్కి, పైన సన్న కంకర పొర వేయాలి. నింపాక రెండు నుంచి నాలుగు వారాలు నీటిని కదలనివ్వకుండా ఉంచండి. లోపల నలుపు తిరిగి, వాసన వచ్చాకే ధారను కొద్దికొద్దిగా వదలండి. మొదటి కొన్ని వారాలు బయటికి వచ్చే నీరు టీ డికాషన్ రంగులో, ఆక్సిజన్ లేకుండా, సేంద్రియ మలినాలతో ఉంటుంది. దాన్ని వాగులో కలిపితే ఒక విషం తీసి ఇంకొకటి పోసినట్టే. అందుకే పడక తర్వాత కూడా రాళ్ల మీద దూకే చిన్న జలపాతం, ఆ తర్వాత మొక్కలున్న లోతులేని మడుగు ఉండాలి. మిగిలిన ఇనుము అక్కడ దిగుతుంది, వాసన పోతుంది. మాంగనీసు ఈ సల్ఫైడ్ దారిలో లొంగదు, దానికి గాలి బాగా తగిలే గులకరాళ్ల పడక వేరుగా కావాలి.

ఆ వాసన గురించి మీ బృందంలో ప్రతి ఒక్కరికీ చెప్పండి. కొద్దిగా ఉన్నప్పుడు కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది, మనిషి ప్రమాదం తెలియకుండానే కూలిపోతాడు. గొట్టాల బావుల్లోకి, మూసిన గదుల్లోకి ఒంటరిగా ఎవరూ దిగకూడదు. పిల్లలు రాకుండా కంచె వేయాలి. గుంటకు అయ్యే ఖర్చులో ఏది తగ్గించినా దీన్ని తగ్గించవద్దు.

స్పాంజికి అసలు చోటే లేదా అంటే, ఉంది. అన్నీ అయ్యాక, చివరన. పీహెచ్ 6 దాటి, ఇనుము దిగిపోయాక నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము జింకో, ఇంకా తక్కువ కాడ్మియమో మిగిలితే లెక్క మారిపోతుంది. అదే సెకనుకు లీటరు ధారలో రోజుకు 86 గ్రాములే లోహం. గ్రాముకు పది మిల్లీగ్రాములు పట్టే ఊకే అయినా రోజుకు 9 కిలోల లోపు చాలు. వక్క పీచు, కొబ్బరి పీచు పొట్టు, ఊక కాల్చి చేసిన బొగ్గు ఇక్కడ తమ విలువ చూపిస్తాయి. మీరు చదివిన పత్రాలు నిజమయ్యే చోటు ఇదే. ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని ఫోర్స్ క్రాగ్ పాత గని దగ్గర 2014 నుంచి నడుస్తున్న గుంటల్లో ఎరువు, చెక్క ముక్కల మిశ్రమం జింకులో అధిక భాగాన్ని పట్టేస్తోంది. అక్కడి నీరు మొదటి నుంచీ అంత ఆమ్లమైనది కాదు, ఇనుము కూడా తక్కువ. నీటిని బట్టే పద్ధతి.

వీల్ జేన్‌లో చివరికి ఏం జరిగిందో కూడా మీకు తెలియాలి. గడ్డి, పొట్టు గుంటలు ఎన్నో సంగతులు నేర్పాయి, కానీ అక్కడి ప్రవాహం చాలా పెద్దది, స్థలం చాలదు. 2000లో సున్నం కలిపే పూర్తి స్థాయి శుద్ధి కేంద్రం కట్టుకున్నారు. మీ వాగులో సెకనుకు పదుల లీటర్లు పారుతుంటే, నేను కూడా ముందు సున్నమే చెబుతాను. చిన్న చిన్న ధారలను అవి వాగులో కలవకముందే, పుట్టిన చోటే పట్టుకోగలిగితేనే గడ్డి దారి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి. ఒక గని దగ్గర అయిదేళ్లు చక్కగా నడిచిన పడకను మార్చవలసి వచ్చింది. తవ్వి తీసిన నల్లటి మిశ్రమాన్ని నిర్వాహకులు పక్కనే చెట్ల కింద కుప్ప పోశారు. చూడటానికి మంచి ఎరువులా ఉంది. ఎండాకాలమంతా ఎండింది. తొలకరి వానలకు ఆ కుప్ప కింద నుంచి ఎర్రటి నీళ్లు బయలుదేరాయి. లోపల పట్టుకున్న సల్ఫైడ్‌కు గాలి తగిలింది, గనిలో జరిగిందే అక్కడ మళ్లీ జరిగింది. అంతకు ముందే ఇద్దరు రైతులు రెండు బండ్లు పొలానికి తోలుకుపోయారు. ఆపమని అడగడానికి నేను అక్కడ లేను, ముందే చెప్పి ఉండవలసింది. లోహాన్ని ఊకా గడ్డీ మాయం చేయవు, నీటిలో నుంచి తీసి ఒక చోట పెడతాయి, అంతే. ఆ చోటు ఎప్పుడూ నీటి కింద ఉండాలి. తీయవలసి వస్తే పరీక్ష చేయించి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. పొలంలో చల్లకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, పశువుల కింద పరచకూడదు. ఈ ఖర్చును మొదటి రోజు బడ్జెట్‌లోనే రాయండి. మీకు డబ్బు ఇచ్చేవారు మూడేళ్లలో వెళ్లిపోతారు. ఆరో ఏట ఆ పడకను ఎవరు మారుస్తారో ఊరి దర్బారులో (గ్రామ పెద్దల సభలో) కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.

ఇంకో మాట, ఇది తాగే నీళ్ల కోసం కాదు. వాగులో పురుగూ చేపా తిరిగి రావడానికి, పొలానికి నీరు పనికి రావడానికి. తాగునీటి జాతీయ ప్రమాణంలో కాడ్మియం పరిమితి లీటరుకు 0.003 మిల్లీగ్రాములు, సీసం 0.01. గుంట నుంచి వచ్చిన నీరు ఎంత తేటగా కనిపించినా ఆ హామీ ఇవ్వలేదు. తాగడానికి వేరే ఊట వెతకండి. అరటి బూడిద ఖార్ కలిపితే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. క్షారం కాబట్టి పీహెచ్ పెంచుతుంది, ఇనుము కొంత దిగుతుంది. కుండెడు నీటికి అది సరే, కారుతున్న కొండకు చాలదు.

మొదలుపెట్టవలసిన పని ఊక కొనడం కాదు, కొలవడం. బకెట్, గడియారం చాలు. వాగులో కాకుండా ప్రతి గుంట నోటి దగ్గర ధారను నెలకు రెండుసార్లు కొలవండి. వానాకాలంలో తప్పకుండా కొలవండి, అక్కడి వానకు ధార పదింతలు కావచ్చు, అప్పుడు అదనపు నీరు పడకను పెకలించకుండా పక్కకు పోయే కాలువ కావాలి. పీహెచ్ నీటి దగ్గరే చూడాలి, సీసాలో ఇంటికి తెచ్చేసరికి మారిపోతుంది. నమూనాలు రెండేసి తీయండి. ఒకటి 0.45 మైక్రాన్ల వడపోతలో వడకట్టి, నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి, కరిగిన లోహాల కోసం. ఇంకొకటి అలాగే, మొత్తం ఆమ్లత, సల్ఫేట్ కోసం. ఇనుము, అల్యూమినియం, మాంగనీసు, జింకు, నికెల్, కాడ్మియం, సీసం అడగండి. ఇనుములో రెండు రూపాలూ (ఫెర్రస్, ఫెర్రిక్) వేరువేరుగా అడగండి, పడకకు ముందు ఎంత పెద్ద మడ్డి గుంట కావాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

కొలతలు వచ్చేలోపు ఖాళీగా ఉండనక్కరలేదు. అయిదు ప్లాస్టిక్ పీపాల్లో అయిదు మిశ్రమాలు వేయండి: వరిగడ్డి ఒకదానిలో, వక్క తొక్క ఒకదానిలో, పైన్ పొట్టు ఒకదానిలో, మూడూ కలిపి ఒకదానిలో, మీ మనసులో ఉన్న ఊక కూడా ఒకదానిలో. అన్నిటిలో ఒకే పాళ్లలో పేడ, సున్నపురాయి. మీ గుంట నీటినే, నీరు పీపాలో మూడు నాలుగు రోజులు నిలిచేంత నెమ్మదిగా వదలండి. చలికాలం నెలలను తప్పించవద్దు. వారానికోసారి పీహెచ్, ఇనుము, సల్ఫేట్ రాసుకోండి. ఎంత నీరు దిగుతోందో కూడా రాయండి, మూసుకుపోతున్నది ముందుగా అక్కడే తెలుస్తుంది. నాలుగు నెలల అంకెలు చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి, మీ గుంట ఎంత పెద్దది కావాలో కూర్చుని లెక్కవేద్దాం.